ఆ పని ఫొటోలో చెయ్యాలా, సీఎస్ఎస్‌లో చెయ్యాలా?

నా మొదటి వెబ్ పేజీకి పైన ఒక బ్యానర్ చేశాను. గింప్ అనే ఫొటో ఎడిటర్ ముందు రెండు రాత్రులు కూర్చుని, ఇంట్లో ఉన్న పాత ఫొటో ఒకటి వెనకాల పెట్టి, దాని మీద "జ్ఞాపకాల పెట్టె" అని పెద్ద అక్షరాలతో రాసి, అక్షరాల కింద నీడ వేసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, చుట్టూ సన్నటి తెల్ల గీత కూడా గీసి, అన్నీ కలిపి ఒకే జేపెగ్‌గా సేవ్ చేసి పేజీలో పడేశాను. లాప్‌టాప్‌లో చూసుకుంటే నాకే ముచ్చటేసింది. మర్నాడు ఫోన్లో తెరిస్తే పేరు చీమల బారులా ఉంది, గీత పూర్తిగా మాయం. అదైనా సర్దుకునేవాణ్ణి కానీ, మా చెల్లి చూసి "అన్నయ్యా, నీకు జ్ఞ రాయడం రాదా?" అంది. నిజమే, "జ్నాపకాల" అని రాశాను. లేయర్లున్న, అంటే ఫొటో, రాత, నీడ వేటికవి విడి పొరలుగా ఉన్న ఫైల్ దాచుకోలేదు, మిగిలింది ఆ అతుక్కుపోయిన జేపెగ్ ఒక్కటే. ఒక్క ఒత్తు మార్చడానికి మళ్లీ రెండు రాత్రులు.

ఆ దెబ్బకి ఒక అలవాటు పట్టుకుంది. ఏ పనికి చెయ్యి పెట్టినా ముందు అడుగుతాను, ఇది ఫొటో పనా, పేజీ పనా అని. వెలుతురు, రంగు, గీతలు, మరకలు, ఫ్రేములో ఎవరుండాలి అన్నవి ఫొటో పనులు, వాటిని ఎడిటర్‌లోనే చెయ్యాలి. ఎంత సైజులో కనిపించాలి, మూలలు ఎలా ఉండాలి, నీడ, అంచు, పైన రాత, మౌస్ పెడితే ఏం మారాలి అన్నవి పేజీ పనులు, వాటిని సీఎస్ఎస్‌కి, అంటే పేజీ ఎలా కనిపించాలో బ్రౌజర్‌కి చెప్పే భాషకి, వదిలెయ్యాలి. ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే కొత్తలో సగం కష్టాలు. మిగతా సగం సెమీకోలన్ మర్చిపోవడం వల్ల, దానికి మందు లేదు.

ఒక ఫొటోని మొదట్నుంచి చివరిదాకా తీసుకెళ్తూ చెప్తాను, అప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. తాతయ్య, నానమ్మ పక్కపక్కన నిలబడ్డ పాత కలర్ ప్రింట్ ఒకటి ఉంది, ఆరు అంగుళాల పొడవు, నాలుగు అంగుళాల వెడల్పు. మొత్తం ఎర్రబారిపోయింది. పాత కలర్ ప్రింట్లు చాలావరకు ఇలాగే అవుతాయి, ఎందుకంటే వాటిలో ఉండే మూడు రకాల రంగుల్లో సయాన్, అంటే ఆకుపచ్చ కలిసిన నీలం, పెట్టెలో చీకట్లో ఉన్నా సరే ముందుగా వెలిసిపోతుంది. అది తగ్గేసరికి ఎరుపు పైకి తేలుతుంది. దాన్ని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే 2400 బై 3600 పిక్సెల్స్ వచ్చింది. స్కానర్‌లో 48 బిట్ కలర్ అనే ఆప్షన్ ఉంటే అదే పెట్టండి, కారణం కాసేపట్లో చెప్తాను.

స్కాన్ అవగానే ఆ ఫైల్‌కి కాపీ తీసి, అసలు దాన్ని వేరే ఫోల్డర్‌లో పడేసి, ఇక దాని జోలికి పోకూడదు. ఇది నేను మొదట్లో పాటించలేదు. జేపెగ్‌ని తెరిచి కొంచెం మార్చి సేవ్, రేపు మళ్లీ తెరిచి ఇంకొంచెం మార్చి సేవ్, ఇలా ఓ పదిసార్లు చేశాక చూస్తే ముఖాల అంచుల చుట్టూ దోమలు ముసిరినట్టు మచ్చలు. జేపెగ్ ఫొటోని ఎనిమిది బై ఎనిమిది పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా ఆనని సన్నటి వివరాన్ని పారేసి సైజు తగ్గిస్తుంది. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ మళ్లీ కొంత పారేస్తుంది, పారేసింది తిరిగి రాదు. అందుకే పని జరుగుతున్నంత కాలం గింప్ అయితే ఎక్స్‌సీఎఫ్, ఫొటోషాప్ అయితే పీఎస్‌డీ అనే, లేయర్లు పోకుండా దాచే ఫైల్‌లో ఉంచుకుని, అంతా అయ్యాక చివర్లో ఒక్కసారే జేపెగ్ తియ్యాలి. గింప్‌లో సేవ్ నొక్కితే ఎక్స్‌సీఎఫ్ తప్ప ఇంకేదీ ఇవ్వదు, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్‌కి వెళ్లాలి. మొదట్లో ఇదేం చాదస్తం అనుకుని తిట్టుకునేవాణ్ణి, ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను.

రంగు సరిచెయ్యడానికి కొత్తవాళ్లంతా ముందు బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ స్లైడర్ల మీద పడతారు, నేనూ పడ్డాను. అది వదిలేసి లెవెల్స్ నేర్చుకోండి, ఒక్క గంట చాలు. లెవెల్స్ తెరవగానే ఒక కొండలాంటి బొమ్మ కనిపిస్తుంది, దాన్నే హిస్టోగ్రామ్ అంటారు. ఎడమ చివర 0 అంటే పూర్తి నలుపు, కుడి చివర 255 అంటే పూర్తి తెలుపు, మధ్యలో ఎక్కడ కొండ ఎత్తుగా ఉంటే ఆ వెలుగున్న పిక్సెల్స్ అంత ఎక్కువ అని. వెలిసిపోయిన ఫొటోలో ఈ కొండ రెండు చివరలా ఖాళీ వదిలేసి నడుమ ముడుచుకుని కూర్చుంటుంది. నా ఫొటోలో దాదాపు 60 దగ్గర మొదలై 210 దగ్గర ఆగిపోయింది, అంటే అందులో అసలైన నలుపూ లేదు, అసలైన తెలుపూ లేదు, అందుకే పల్చటి మజ్జిగలా ఉంది. కింద ఉన్న నల్ల త్రికోణాన్ని 60 దగ్గరికి, తెల్ల త్రికోణాన్ని 210 దగ్గరికి జరిపితే 60 వెళ్లి 0 అవుతుంది, 210 వెళ్లి 255 అవుతుంది, మధ్యవి సాగుతాయి. ఫొటోకి ప్రాణం వస్తుంది.

అసలు మజా దీని తర్వాత. అదే పెట్టెలో పైన ఛానెల్ అని ఉంటుంది, అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా ఎంచుకోవచ్చు. ఎర్రబారిన ఫొటోలో మూడు కొండలూ ఒకే చోట ఉండవు, ఎరుపుది కుడివైపు జరిగి ఉంటుంది, మిగతా రెండూ ఎడమకి. ఒక్కోదాన్ని తీసుకుని దాని కొండ మొదలు ఎక్కడో అక్కడికి నల్ల త్రికోణం, చివర ఎక్కడో అక్కడికి తెల్ల త్రికోణం. మూడో ఛానెల్ పూర్తయ్యేసరికి తెర మీద జరిగేది చూసి నేను కుర్చీలోంచి లేచాను, తాతయ్య చొక్కా తెల్లగా అయ్యింది, వెనక చెట్టు పచ్చగా అయ్యింది. ఒక్క జాగ్రత్త, ప్రింట్ చుట్టూ ఉండే తెల్ల బోర్డర్‌ని దీనికంటే ముందే కత్తిరించెయ్యాలి, లేకపోతే ఆ కాగితం తెలుపు కూడా లెక్కలోకి వచ్చి కొండ కుడి చివర ఎక్కడో తప్పు చూపిస్తుంది. ఇంకోటి, త్రికోణాల్ని కొండలోపలికి మరీ తోసేస్తే ఆకాశం, చొక్కా సున్నం కొట్టినట్టు అయిపోతాయి, అక్కడ ఉన్న మడతలు పోతాయి. వాటిని కాస్త బయటే ఆపడం మంచిది.

సాగదీశాక హిస్టోగ్రామ్ మళ్లీ తెరిచి చూస్తే దువ్వెన పళ్లలా సందులు కనిపిస్తాయి. 150 మెట్లున్నదాన్ని 256 మెట్లకి లాగితే కొన్ని మెట్లు ఖాళీగా ఉండక తప్పదు కదా. ఆకాశం లాంటి నున్నటి చోట ఇది చారలుగా తేలొచ్చు. 48 బిట్‌లో స్కాన్ చెయ్యమన్నది ఇందుకే, అందులో ఒక్కో రంగుకి 256 బదులు 65,536 మెట్లు ఉంటాయి, ఎంత లాగినా సందులు కంటికి తెలియవు.

ఇక మరకలు, గీతలు. దీనికి రెండు పనిముట్లు, క్లోన్, హీల్. క్లోన్ అంటే ఒకచోట ఉన్నదాన్ని ఉన్నట్టే తీసి ఇంకోచోట అతికించడం. హీల్ అలా కాదు, అక్కడి నేతని మాత్రం తీసుకుని రంగు, వెలుగు మాత్రం అతికించే చోటికి తగ్గట్టు కలుపుకుంటుంది. గోడ, ఆకాశం, చెంప లాంటి చోట్ల హీల్ అద్భుతం. కానీ నల్లటి జుట్టు అంచున, తలుపు ఫ్రేము పక్కన హీల్ పెడితే ఆ నలుపుని లాక్కొచ్చి అలికేస్తుంది, అక్కడ క్లోనే గతి. రెండింటికీ ముందు లేయర్‌ని డూప్లికేట్ చేసి పైదాని మీదే చెయ్యండి.

ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, రెండు గంటలు కష్టపడి దుమ్మంతా తుడిచి నాన్నకి చూపించాను. చాలాసేపు చూసి "మా అమ్మకి ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉండాలి, ఏదిరా?" అన్నారు. దుమ్ము అనుకుని దాన్నీ తుడిచేశాను! కింద అసలు లేయర్ అలాగే ఉంది కాబట్టి బతికిపోయాను. పై లేయర్‌కి ఒక మాస్క్ పెట్టి, ఆ మాస్క్ మీద చెంప దగ్గర నల్ల బ్రష్‌తో ఒక చుక్క పెట్టగానే పుట్టుమచ్చ తిరిగొచ్చింది. మాస్క్ గురించి ఎన్ని పాఠాలు చదివినా నాకు ఎక్కలేదు, ఆ ఒక్క చుక్కతో ఎక్కింది: మాస్క్‌లో తెల్లగా ఉన్నచోట ఆ లేయర్ కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాక్కుంటుంది, బూడిదరంగులో ఉంటే సగం సగం. దేన్నీ చెరపడం లేదు, పరదా వేస్తున్నాం అంతే. మనసు మారితే తెల్ల బ్రష్‌తో మళ్లీ దిద్దుకోవచ్చు. ఎరేజర్ అనే పనిముట్టుని నేను ఆ తర్వాత ముట్టుకోలేదు.

ముఖాల్ని నున్నగా చెయ్యాలనే దురద అందరికీ ఉంటుంది. నానమ్మ ముఖం మీద ముడతలు తగ్గిద్దామని బ్లర్ వేస్తే మైనపు బొమ్మ అయింది. ఆ లేయర్ ఒపాసిటీ, అంటే చిక్కదనం, 30 శాతానికి తగ్గించాను, తర్వాత 10కి, తర్వాత లేయరే తీసేశాను. ముడతలే బాగున్నాయి.

షార్పెన్ అనేది అన్నిటికంటే ఆఖర్న, అదీ సైజు తగ్గించాక చేసుకోవాలి. అన్‌షార్ప్ మాస్క్ అన్న పేరు చూసి షార్ప్ కాకుండా చేసేదేమో అని భయపడకండి, డార్క్ రూమ్ రోజుల్లో ఫొటోకి మసకబారిన కాపీ ఒకటి చేసి అసలుదానితో జతపెట్టి అంచుల్ని తేల్చేవారు, ఆ పేరే మిగిలింది. ఎక్కువైతే తలల చుట్టూ తెల్లటి వలయం వస్తుంది, అదేదో దేవుడి పటం కింద మారిపోతుంది.

సైజు విషయంలో ఒక అపోహ ఇంకా వదలడం లేదు, వెబ్‌కి 72 డీపీఐ ఉండాలని. బ్రౌజర్ ఆ అంకెని పట్టించుకోదు, దానికి పిక్సెల్సే లెక్క. పేజీలో ఫొటో 600 పిక్సెల్స్ వెడల్పులో కనిపిస్తుందనుకోండి, ఇప్పటి ఫోన్ల తెరలు చిక్కగా ఉంటాయి కాబట్టి దానికి రెట్టింపు, 1200 వెడల్పు ఇస్తే చాలు. ఫోన్ కెమెరా ఇచ్చిన 4000 బై 3000 ఫొటోని యథాతథంగా పెడితే, ఫైల్ ఎంత చిన్నదైనా బ్రౌజర్ దాన్ని విప్పి మెమరీలో పెట్టుకునేటప్పుడు పిక్సెల్‌కి నాలుగు బైట్ల లెక్కన 48 మెగాబైట్లు అవుతుంది, అలాంటివి పది పెడితే పాత ఫోన్ ఊపిరి ఆడక గిలగిలలాడుతుంది. ఫొటోలకి జేపెగ్ లేదా వెబ్‌పీ, క్వాలిటీ 80 దగ్గర. గీతల బొమ్మలకీ, వెనక పారదర్శకంగా ఉండాల్సిన వాటికీ పీఎన్‌జీ. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు రంగుల ప్రొఫైల్ వెబ్‌లో మామూలుగా వాడే ఎస్ఆర్‌జీబీ అని చూసుకోండి. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే ఎక్సిఫ్ సమాచారం తీసెయ్యండి, అందులో ఫొటో ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండొచ్చు, మీ ఇంటి అడ్రస్ ఊరందరికీ ఎందుకు.

ఫొటో పని అయిపోయింది, గమనించారా, మూలలు గుండ్రం చెయ్యలేదు, నీడ వెయ్యలేదు, పేరు రాయలేదు.

సీఎస్ఎస్ గురించి నాకు ఇష్టమైన ముచ్చట ఒకటుంది. హోకన్ వియుమ్ లీ అనే ఆయన సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తూ సీఎస్ఎస్ ఆలోచనని మొదట బయటపెట్టింది 1994 అక్టోబర్‌లో. ఫొటోషాప్‌లో లేయర్లు వచ్చింది కూడా 1994లోనే, మూడో వెర్షన్‌తో. ఒకరితో ఒకరికి సంబంధం లేదు కానీ రెండింటి వెనకా ఉన్న బుద్ధి ఒకటే, కింద ఉన్న అసలు సరుకుని ముట్టుకోకుండా పైన ఇంకో పొరలో అలంకారం చెయ్యడం. పేజీలో ఏమేం ఉండాలో రాసే హెచ్‌టీఎంఎల్ మీ కింది లేయర్, సీఎస్ఎస్ పైది. సీఎస్ఎస్ ఫైల్ తీసేసినా మాటలు, ఫొటోలు ఎక్కడివి అక్కడే ఉంటాయి, బట్టలు విప్పినట్టు.

ఏ పేజీలోనైనా నేను రాసే మొదటి రూల్, ఇమేజ్‌కి మాక్స్-విడ్త్ 100 శాతం, హైట్ ఆటో. ఈ రెండు ముక్కలుంటే ఫొటో ఎంత పెద్దదైనా తన పెట్టె దాటి బయటికి పొడుచుకు రాదు, అణగదొక్కినట్టు సాగదు. హెచ్‌టీఎంఎల్‌లో మాత్రం ఫొటో అసలు వెడల్పు, ఎత్తు అంకెలు తప్పకుండా ఇవ్వండి, అప్పుడు బ్రౌజర్ ఫొటో రాకముందే దానికి చోటు అట్టేపెడుతుంది. లేదంటే చదువుతున్న వాక్యం ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది, అది ఎంత చిరాకో మనందరికీ తెలుసు.

ఫొటోలన్నీ ఒకే కొలతలో వరసగా కనిపించాలంటే నేను మొదట్లో ఒక్కోదాన్నీ గింప్‌లో చతురస్రంగా కత్తిరించేవాణ్ణి. అది పేజీ పని! ఆబ్జెక్ట్-ఫిట్ కవర్ అని రాస్తే బ్రౌజరే పెట్టె నిండేలా పెట్టి మిగిలింది దాచేస్తుంది, కంటైన్ అంటే మొత్తం కనిపించేలా పెట్టి చుట్టూ ఖాళీ వదుల్తుంది. కవర్ పెట్టగానే తాతయ్య తల తెగిపోయింది, ఆయన పొడగరి, ముఖం ఫొటోలో బాగా పైన ఉంది, బ్రౌజర్ ఏమో చెప్పకపోతే నట్టనడుమే చూపిస్తుంది. ఆబ్జెక్ట్-పొజిషన్ 50 శాతం, 15 శాతం అనగానే తల వచ్చేసింది. మొదటి అంకె అడ్డానికి, రెండోది నిలువుకి.

గుండ్రటి మూలలకి బోర్డర్-రేడియస్. 50 శాతం ఇస్తే వృత్తం వస్తుందని చెప్తారు, చతురస్రానికైతే వస్తుంది, పొడుగు ఫొటోకి కోడిగుడ్డు వస్తుంది.

ఇప్పుడు అందరికీ తల తిరిగే చోటికి వద్దాం. వరసకి మూడు ఫొటోలు పెడదామని ఒక్కోదానికి మూడోవంతు వెడల్పు ఇచ్చి ఫ్లోట్ చేశాను, అంటే ఒక పక్కకి జరిపి వరసలో నిలబెట్టాను. చక్కగా కూర్చున్నాయి. కాస్త ఊపిరి ఉంటే బాగుంటుందని ప్యాడింగ్ పెట్టగానే మూడోది కిందికి దూకేసింది. ప్యాడింగ్ తీస్తే పైకి వస్తుంది, పెడితే దూకుతుంది. ఓ సాయంత్రమంతా దానితో కుస్తీ. సంగతేమిటంటే, సీఎస్ఎస్‌లో ప్రతిదీ ఒక పెట్టె, లోపల సరుకు, దాని చుట్టూ ప్యాడింగ్, దాని చుట్టూ బోర్డర్, ఆ బయట పక్కవాళ్లతో దూరం పాటించే మార్జిన్. మనం 300 వెడల్పు అంటే బ్రౌజర్ అది లోపలి సరుకుకి మాత్రమే అనుకుంటుంది. అటూ ఇటూ 20 చొప్పున ప్యాడింగ్, 5 చొప్పున బోర్డర్ పెడితే పెట్టె నిజమైన వెడల్పు 350. మూడు పెట్టెలకి 150 ఎక్కువ, చోటు చాలక మూడోది కిందికి. అట్ట పెట్టె కొనేటప్పుడు బయటి కొలత చూస్తాం కదా, అలాగే లెక్కపెట్టమని చెప్పడానికి బాక్స్-సైజింగ్ బోర్డర్-బాక్స్ అని ఉంది. ఫైల్ మొదట్లోనే నక్షత్రం గుర్తు పెట్టి అన్నిటికీ ఇది వర్తింపజేస్తే ఆ లెక్కలు ఇక ఉండవు. మొదట్నుంచీ ఇలాగే ఎందుకు లేదని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

మార్జిన్‌కి ఇంకో వింత గుణం ఉంది. పైపేరాకి కింద 30, కిందిపేరాకి పైన 20 ఇస్తే మధ్య దూరం 50 రాదు, 30 వస్తుంది, పెద్దది చిన్నదాన్ని మింగేస్తుంది. నిలువునా మాత్రమే ఇలా, అడ్డంగా కాదు. ఫ్లెక్స్, గ్రిడ్ అనే పెట్టెలు పేర్చే పద్ధతుల్లో ఈ గొడవ ఉండదు, వాటిలో గ్యాప్ అని రాస్తే ఎంత చెప్తే అంత.

అసలు ఫొటోల వరసలకి ఇప్పుడు ఫ్లోట్ ఎందుకు, 2017లో పెద్ద బ్రౌజర్లన్నిటిలోకీ గ్రిడ్ వచ్చేసింది. గ్రిడ్-టెంప్లేట్-కాలమ్స్‌లో రిపీట్ అని, అందులో ఆటో-ఫిల్, మిన్‌మాక్స్ 200 పిక్సెల్స్, 1 ఎఫ్ఆర్ అని రాస్తే దాని అర్థం, ఒక్కో గడికి కనీసం 200 ఉండాలి, ఎన్ని పడితే అన్ని పెట్టు, మిగిలింది సమానంగా పంచు అని. గ్యాప్ 16 ఉంటే 1200 వెడల్పులో ఐదు పడతాయి, 360 ఉన్న ఫోన్లో ఒకటే. ఫోన్‌కి వేరేగా ఏమీ రాయలేదు. ఈ ఒక్క లైను నేను ఎన్ని పేజీల్లో కాపీ కొట్టుంటానో లెక్కలేదు.

ఇక నా బ్యానర్ కథ. ఫొటో మీద అక్షరాలు రాయాలంటే ఫొటో ఉన్న పెట్టెకి పొజిషన్ రిలేటివ్, అక్షరాలకి పొజిషన్ యాబ్సల్యూట్, బాటమ్ 0. పెట్టెకి రిలేటివ్ పెట్టడం మర్చిపోతే ఆ అక్షరాలు పెట్టెని వదిలి పేజీని పట్టుకుని ఎక్కడో తేలతాయి. ఒకసారి నా శీర్షిక మాయమైతే సీఎస్ఎస్ అంతా వెతికాను, చూస్తే అది వేరే ఫొటో మీద కూర్చుని ఉంది.

ఫొటో మీద తెల్ల అక్షరాలు కొన్నిచోట్ల కనిపిస్తాయి, తెల్ల చొక్కా వచ్చిన చోట కలిసిపోతాయి. దీనికి ఫొటోని ఎడిటర్‌లో చీకటి చెయ్యకండి. సీఎస్ఎస్‌లో లీనియర్-గ్రేడియంట్‌తో కింద 70 శాతం నలుపు నుంచి పైకి పోయేకొద్దీ ఏమీ లేనట్టు కరిగిపోయే పొర ఒకటి ఫొటోకీ అక్షరాలకీ మధ్య వేస్తే చాలు. ఇక్కడే ఇంకో గుంట ఉంది: పొర పల్చగా ఉండాలని పెట్టె మొత్తానికి ఒపాసిటీ తగ్గిస్తే లోపలున్న అక్షరాలు కూడా పల్చబడిపోతాయి, లోపలి వాటికి విడిగా మళ్లీ పెంచడం కుదరదు. ఒపాసిటీ జోలికి పోకుండా, వెనక రంగుకి మాత్రమే ఆల్ఫా, అంటే పారదర్శకత, ఇవ్వాలి. అక్షరాలకీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ పేజీలు అందరికీ చదవడానికి వీలుగా ఉండాలని రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు చెప్తాయి, పెద్ద అక్షరాలకైతే 3కి 1 చాలు. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో రంగు గడి మీద నొక్కితే ఆ నిష్పత్తి అదే చూపిస్తుంది, కళ్లు చికిలించి అంచనా వెయ్యక్కర్లేదు.

తెలుగు అక్షరాలకి ఇంకో సంగతి. ఇంగ్లీషు డిజైన్ల నుంచి లైన్-హైట్ 1.2 కాపీ కొడితే పై లైను ఒత్తులు కింది లైను గుడుల మీద కూర్చుంటాయి, నేను 1.7 పెడతాను. మండలి లాంటి ఫాంట్లలో ఒకే మందం ఉంటుంది, బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనే దొంగ బోల్డ్ తయారుచేసి అక్షరాల కడుపులు పూడ్చేస్తుంది. శీర్షికకి లావు కావాలంటే రామభద్ర లాంటి లావు ఫాంటే తీసుకోవాలి.

ఫిల్టర్ల దగ్గర నా నియమం కాస్త తేడాగా ఉంటుంది. సీఎస్ఎస్‌లోనూ బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్, గ్రేస్కేల్, సెపియా, బ్లర్ అన్నీ ఉన్నాయి. మరి ఎడిటర్ ఎందుకు? ఒక్క ఫొటోలో లోపం ఉంటే, అది ఆ ఫొటో లోపం, ఎడిటర్‌లో సరిచెయ్యాలి. పేజీలోని ఫొటోలన్నీ ఒకే కుటుంబంలా కనిపించాలంటే, అది పేజీ కోరిక, సీఎస్ఎస్‌లో చెయ్యాలి. నా పేజీలో కొన్ని నలుపు తెలుపు, కొన్ని రంగులవి, కొన్ని ఫోన్‌తో తీసినవి, పక్కపక్కన పెడితే సంతలా ఉండేది. అన్నిటికీ గ్రేస్కేల్ వేసి పైన సెపియా 40 శాతం పెట్టగానే ఒక్క ఇంటివి అయిపోయాయి, మౌస్ పెడితే ఫిల్టర్ నన్, ట్రాన్సిషన్ 0.3 సెకన్లు, మెల్లగా అసలు రంగు వస్తుంది. వేలితో వాడే ఫోన్లో మౌస్ పెట్టడం అనేది ఉండదు కాబట్టి, ముఖ్యమైనదేదీ దాని వెనక దాచకండి.

బ్లెండ్ మోడ్ ఒక్కటి చెప్పి ముగిస్తాను, ఇది తెలిసినప్పుడు నాకు పట్టరాని సంతోషం. తాతయ్య చేత్తో రాసిన ఉత్తరం స్కాన్ ఒకటుంది, తెల్ల కాగితం మీద నీలి సిరా. నా పేజీ వెనక రంగు లేత గోధుమరంగు. కాగితం తెలుపు పోయి అక్షరాలు మాత్రమే పేజీ మీద ఉన్నట్టు కావాలి. గింప్‌లో ఒక్కో అక్షరం చుట్టూ ఎంచుకుంటూ గంటన్నర గడిపాక మిక్స్-బ్లెండ్-మోడ్ మల్టిప్లై గురించి తెలిసింది. అది పై పిక్సెల్‌నీ కింది పిక్సెల్‌నీ గుణించి 255తో భాగిస్తుంది. తెలుపు 255 కాబట్టి కింది రంగు ఏదైతే అదే మిగులుతుంది, అంటే తెలుపు కనుమరుగు. సిరా మాత్రం ముదురుగా నిలుస్తుంది. ఒక్క లైను! కాగితం కొంచెం పసుపెక్కి ఉంటే పల్చటి మరకలా కనిపిస్తుంది, దానికి ముందు లెవెల్స్‌లో తెల్ల త్రికోణాన్ని లోపలికి జరిపి కాగితాన్ని నిజంగా తెలుపు చేసుకోవాలి, అది ఫొటో పని.

మార్చినా మారకపోతే ముందు కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కి చూడండి, పాత సీఎస్ఎస్‌నే బ్రౌజర్ దాచుకుని చూపిస్తుండొచ్చు. అప్పటికీ మారకపోతే కుడి క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్. మీ రూల్ మీద గీత కొట్టి ఉంటే ఇంకెవరో గెలిచారన్నమాట: ట్యాగ్ పేరుతో రాసిన రూల్ కంటే క్లాస్‌తో (కొన్నిటికి కలిపి పెట్టే పేరు) రాసింది బలం, క్లాస్ కంటే ఐడీతో (ఒక్కదానికే పెట్టే పేరు) రాసింది బలం, సమానమైతే ఆఖర్న రాసింది. ఇంపార్టెంట్ అని తగిలించి గెలవాలని చూడకండి, నేను ఒక ఫైల్‌లో పందొమ్మిది చోట్ల తగిలించి, చివరికి నా రూల్‌ని నేనే ఓడించలేక మొత్తం కొట్టేసి కొత్తగా రాసుకున్నాను.

బ్యానర్ కూడా అలాగే కొత్తగా రాశాను. ఫొటో విడిగా, పేరు హెచ్‌టీఎంఎల్‌లో మామూలు అక్షరాలుగా, నీడ, మూలలు, గీత సీఎస్ఎస్‌లో. ఫోన్లో పేరు పెద్దగా కనిపిస్తోంది, జ్ఞ సరిగ్గా ఉంది. నిన్న రాత్రి చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. "అన్నయ్యా, కింద చిన్న లైను చూశావా? బంధువులులో ఒత్తు ద కి పెట్టాలి, నువ్వు బ కి పెట్టావు" అంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే ఫైల్ తెరిచి మార్చేసి, "ఏదీ, నాకు బాగానే కనిపిస్తోందే?" అన్నాను.